ఏడు వేల రూపాయల గైగర్ కౌంటర్: విమానంలో పనికొచ్చింది, సౌర తుపానుకు కాదు

రేడియేషన్‌ను లెక్కపెట్టే ఈ గైగర్ మీటరు అట్టపెట్టె మీద మంటలు కక్కుతున్న సూర్యుడి బొమ్మ, పక్కనే ఒక వ్యోమగామి బొమ్మ ఉన్నాయి. కింద ఇంగ్లీషులో రెండు వాగ్దానాలు. ఒకటి, అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్‌ను కొలుస్తుంది. రెండు, సౌర తుపాను వస్తే హెచ్చరిస్తుంది. మొదటిది చాలావరకు నిజం. రెండోది మాత్రం బెంగళూరులో ఉండేవాళ్లకు ఎప్పటికీ నిజం కాదు. డబ్బు పెట్టేముందు ఈ తేడా తెలియాలని వివరంగా రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులోనే, ఒక ఆసుపత్రి రేడియాలజీ విభాగంలో టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. సీటీ స్కాన్, ఎక్స్‌రే నా రోజువారీ పని. లెడ్ ఏప్రన్ కింద ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపితే ఎంత డోసు పడిందో లెక్క వస్తుంది. కాబట్టి ఆ డోసుకు కొలత అయిన మిల్లీసీవర్ట్ అన్న మాట నాకు భయం పుట్టించదు. చీటీ మీద కనిపిస్తే ఎక్కువా తక్కువా అని చూసుకునే అంకె, అంతే.

కొనడానికి కారణం మా తమ్ముడి కూతురు. బెంగళూరు బేస్‌గా క్యాబిన్ క్రూ ఉద్యోగం చేస్తోంది. 2025 నవంబర్ 28న ఎయిర్‌బస్ కంపెనీ ఏ320 రకం విమానాల గురించి ఒక ప్రకటన చేసింది. తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమానాన్ని నియంత్రించే కంప్యూటర్ డేటా చెడిపోయే అవకాశం ఉందని, సాఫ్ట్‌వేర్ మార్చాలని చెప్పింది. ప్రపంచమంతా వేల విమానాలు, మన దేశంలోనూ వందల విమానాలు ఆ మార్పు కోసం ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "అత్తా, కంప్యూటర్‌కే దెబ్బ తగిలితే లోపలున్న మా సంగతేంటి? నువ్వు పెట్టుకునే బ్యాడ్జి మాకెందుకు ఇవ్వరు?" అని అడిగింది. రేడియేషన్ మధ్య పనిచేసే మనిషిగా దానికి సరైన జవాబు ఇవ్వాలనిపించింది. నోటిమాట ధైర్యం కాకుండా అంకె చూపించాలనుకున్నాను.

ఎస్పీ రోడ్డులో కొన్నాను. ఆన్‌లైన్‌లోనూ ఇదే వస్తువు రకరకాల పేర్లతో అమ్ముతారు. ఏ పేరుతో వచ్చినా లోపల అదే చైనా గాజు ట్యూబు, దాదాపు అదే బోర్డు. అందుకే బ్రాండ్ పేరు రాయడం లేదు. ధర ఏడు వేలకు కాస్త లోపు. అరచేతిలో పట్టేంత సైజు, చిన్న రంగుల స్క్రీన్, నాలుగు బటన్లు, పక్కన ఛార్జింగ్ పోర్టు. ట్యూబు బీటా, గామా కిరణాలను పడుతుంది. ప్రతి తగులుకూ ఒక టిక్ శబ్దం. స్క్రీన్ మీద పైన నిమిషానికి ఎన్ని తగులులో చూపించే సీపీఎం, కింద గంటకు ఇన్ని మైక్రోసీవర్టులన్న అంకె (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు మైక్రోసీవర్ట్). ఆ రెండో అంకెను మరీ నమ్మకండి. సీజియం-137 గామా కిరణాలకు సరిపోయే గుణకంతో వేసిన లెక్క అది. వేరే రకం రేడియేషన్ తగిలితే అది అంచనా మాత్రమే. నేను ఎప్పుడూ పై అంకెనే రాసుకుంటాను.

కె.ఆర్. పురంలో మా ఇంట్లో, హాలు మధ్యలో, సుమారు 25 సీపీఎం చూపిస్తుంది. అంటే గంటకు 0.16 మైక్రోసీవర్ట్ దరిదాపు. వంటింట్లో గ్రానైట్ బండ మీద పెడితే ముప్పై దాటుతుంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న గుట్ట తెలుసు కదా, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ అనే రకం రాయి, దాని మీద కూర్చుని పెడితే ఇంకాస్త ఎక్కువ. రాయిలోని పొటాషియం, థోరియం, యురేనియం వల్ల అది. ఇవన్నీ సహజమైన స్థాయిలే, కంగారు పడాల్సిందేమీ లేదు.

కొత్తగా కొన్నవాళ్లందరూ టెన్షన్ పడే చోటు ఒకటుంది. ఒక నిమిషం 18 చూపిస్తుంది, మరు నిమిషం 33. ఏదో జరిగిపోయిందనుకుంటారు. ఏమీ జరగలేదు. రేడియేషన్ తగులులు ఒక పద్ధతి ప్రకారం రావు. సగటు 25 అయితే అటూ ఇటూ ఐదు ఊగడం మామూలు, పది ఊగినా వింత కాదు. కనీసం పావుగంట లెక్కపెట్టి సగటు తీస్తే గానీ ఏ చోటు గురించీ ఏమీ చెప్పకూడదు. ఈ మాట మాన్యువల్‌లో మొదటి పేజీలో ఉండాలి. ఎక్కడా లేదు.

ఇక విమానం సంగతి. ఈ మీటరు పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది ఇక్కడే.

చుట్టాల పెళ్లికి బెంగళూరు నుంచి దిల్లీ వెళ్లినప్పుడు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సెక్యూరిటీలో అడిగారు, ఆన్ చేసి చూపించాను, పంపేశారు. ఎక్కేముందు ఒక పని తప్పకుండా చేయండి: అలారం ఆపేయండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అలారం 0.5 మైక్రోసీవర్ట్ దగ్గర పెట్టి ఉంటుంది. విమానం పైకి వెళ్లాక అది తప్పకుండా దాటుతుంది. పక్క సీటాయన ముందు రేడియేషన్ అలారం మోగడం ఎవరికీ మంచిది కాదు.

టేకాఫ్ తర్వాత మొదట అంకె పెరగదు, తగ్గుతుంది. గేటు దగ్గర 17, 18 ఉన్నది నేల వదిలిన కొన్ని నిమిషాలకు 13కి పడింది. నేలలోంచి వచ్చే గామా కిరణాలు దూరమైపోతాయి కాబట్టి. ఆ తర్వాత మళ్లీ ఎక్కడం మొదలైంది. 30, 50, 90, అలా పోయి పోయి 36 వేల అడుగుల దగ్గర 200 చుట్టూ నిలబడింది. మీటరు లెక్కలో గంటకు 1.3 మైక్రోసీవర్ట్. మా ఇంటికి ఎనిమిది రెట్లు.

1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో ఐదు కిలోమీటర్లకు పైగా ఎక్కి చూసింది సరిగ్గా ఇదే. మొదట కొద్దిగా తగ్గింది, తర్వాత పెరుగుతూ పోయింది. నేల నుంచి దూరంగా వెళ్తుంటే పెరుగుతోందంటే ఆ రేడియేషన్ పై నుంచి వస్తోందని ఆయన తేల్చాడు. అలా కాస్మిక్ కిరణాలు బయటపడ్డాయి. 1936లో నోబెల్ ఇచ్చారు. పాఠంలో ఎప్పుడో చదివింది ఎకానమీ సీట్లో కూర్చుని నా కళ్లతో చూశాను. ఈ మీటరు అంకెలను నిమిషం నిమిషానికి లోపల దాచుకుంటుంది. ఇంటికొచ్చి గ్రాఫ్ గీస్తే ఆ చిన్న పల్లం, తర్వాత కొండ స్పష్టంగా వచ్చాయి.

దిల్లీ నుంచి తిరుగు ప్రయాణం రాత్రి విమానంలో. అంకెలు మారలేదు. ఇది మా అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న: "రాత్రి ఫ్లైట్‌లో ఎండ ఉండదు కదా అత్తా, తక్కువ ఉంటుందా?" ఉండదు. మామూలు రోజుల్లో విమానం ఎత్తులో తగిలేది సూర్యుడి నుంచి వచ్చేది కాదు. మన పాలపుంతలో ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడు వేగం అందుకున్న కణాలవి. ఎక్కువ భాగం ప్రోటాన్లు, కొంత హీలియం కేంద్రకాలు, నూటికి ఒకటి చొప్పున ఇనుము దాకా బరువైన కేంద్రకాలు. అన్ని దిక్కుల నుంచి, పగలూ రాత్రీ ఒకేలా వస్తాయి. గాలి పై పొరలను ఢీకొని రకరకాల కణాలుగా విడిపోతాయి. మన మీటరుకు తగిలేవి ఆ ముక్కలు.

మీటరు చూపిన 1.3ను అలాగే తీసుకోకూడదు. విమానాలు ఎగిరే ఎత్తులో డోసులో దాదాపు సగం న్యూట్రాన్ల వల్ల వస్తుంది. ఈ గాజు ట్యూబుకు న్యూట్రాన్లు ఆనవు. కాబట్టి రెట్టింపు చేసుకోవడం మేలు, గంటకు రెండున్నర అనుకుందాం. మా అమ్మాయి ఏడాదికి ఎనిమిది తొమ్మిది వందల గంటలు ఎగురుతుంది. దేశంలో రూట్లే కాబట్టి మొత్తం రెండు మిల్లీసీవర్టుల చుట్టుపక్కల. రేడియేషన్ ఉద్యోగులకు మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 వస్తుంది. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి చూపించాక మా అమ్మాయి ముఖంలో తేడా నాకు కనిపించింది. అయినా దాని ప్రశ్న న్యాయమైనదే. యూరప్‌లో ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ దాటే అవకాశమున్న విమాన సిబ్బందికి డోసు లెక్క కట్టడం విమాన సంస్థల బాధ్యత. బ్యాడ్జి అక్కర్లేదు, ఏ దారిలో ఎంత ఎత్తున ఎన్ని గంటలు ఎగిరారో చెబితే కంప్యూటర్ లెక్క కడుతుంది. అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ తయారుచేసిన కారీ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. మన సిబ్బందికి కూడా ఆ లెక్క ఏడాదికోసారి చేతికి అందాలి. మా రంగంలో ప్రతి ఒక్కరికీ డోసు రికార్డు ఉన్నప్పుడు వాళ్లకు ఎందుకు ఉండకూడదు?

ఇప్పుడు ఆ రెండో వాగ్దానం, సౌర తుపాను హెచ్చరిక.

అంతరిక్షంలో మనిషికి తగిలే రేడియేషన్ రెండు రకాల వాన అనుకోండి. పాలపుంత నుంచి వచ్చేది ఆగని ముసురు. సూర్యుడి విస్ఫోటనంతో వచ్చేది ఎప్పుడో ఒకసారి పడే కుంభవృష్టి. ఈ రెండింటికీ ఉన్న సంబంధం చాలామంది అనుకునేదానికి తలకిందులు. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో అతని నుంచి వీచే అయస్కాంత క్షేత్రాలు సౌర కుటుంబమంతా చిక్కగా నిండి, బయటి నుంచి వచ్చే కణాలను తోసేస్తాయి. అప్పుడు ముసురు తగ్గుతుంది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న ఏళ్లలో పెరుగుతుంది. భూమి అయస్కాంత రక్షణ లేని దూరపు అంతరిక్షంలో ఈ తేడా రెట్టింపు దాకా ఉంటుంది. సుమారు 11 ఏళ్లకోసారి ఈ చక్రం తిరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్నది 25వ చక్రం. అది 2019 డిసెంబర్‌లో మొదలైంది. ఉధృత దశకు చేరుకున్నట్టు 2024 అక్టోబర్‌లో నాసా ప్రకటించింది.

2024 మే 10, 11 తేదీల్లో పెద్ద భూ అయస్కాంత తుపాను వచ్చింది గుర్తుందా? జీ5, అంటే స్కేలులో అన్నిటికంటే పై స్థాయి, 2003 తర్వాత మళ్లీ అంతటిది. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడిన ఫొటోలు అందరి ఫోన్లకూ చేరాయి. అప్పుడు ఈ మీటరు మన చేతిలో ఉంటే ఏం చూపించేది? ఏమీ చూపించేది కాదు. ఎందుకో చెబుతాను.

భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల దగ్గర కణాలకు దారి ఇస్తుంది, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర అడ్డుపడుతుంది. ఆ అడ్డు ప్రపంచంలోకెల్లా బలంగా ఉన్న ప్రాంతాల్లో మన దక్షిణ భారతం ఒకటి. ఇక్కడ నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 17 గిగావోల్టుల దార్ఢ్యం, అంటే అయస్కాంత క్షేత్రానికి లొంగకుండా దూసుకొచ్చే బలం, ఉండాలి. సౌర తుపానులో వచ్చే ప్రోటాన్లలో అత్యధిక భాగం దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. బెంగళూరు ఆకాశంలోకి అవి దిగలేవు. కొన్ని దిగాయనుకున్నా, మన తల మీదున్న గాలి మొత్తం పది మీటర్ల నీటితో సమానమైన అడ్డు.

సౌర తుపాను వచ్చినప్పుడు ఇక్కడ ఎక్కువగా జరిగేది ఒకటే. పాలపుంత ముసురు కాస్త తగ్గుతుంది. దాన్ని ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. ఆ తగ్గుదలనైనా పట్టగలదా? లెక్క వేద్దాం. కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి నేల దాకా దిగే కణం మ్యూయాన్, సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి వస్తుంది. ఈ ట్యూబు వైశాల్యం సుమారు ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. అంటే నా 25 సీపీఎంలో ఎనిమిదే ఆకాశం నుంచి వచ్చినవి, మిగతావి గోడలవీ నేలవీ. ఆ ఎనిమిదిలో రెండు శాతం తగ్గిందనుకోండి, నిమిషానికి 0.16 తేడా. అటూ ఇటూ ఐదు ఊగే అంకెలో ఆ తేడా బయటపడాలంటే రోజుల తరబడి ఆగకుండా లెక్కపెట్టాలి. అప్పటికి తుపాను సద్దుమణుగుతుంది కూడా. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గ్రేప్స్-3 ప్రయోగశాల ఉంది. అక్కడి మ్యూయాన్ టెలిస్కోపు 560 చదరపు మీటర్లు, ఈ ట్యూబుకు ఏడు లక్షల రెట్లు. 2015 జూన్ 22న వచ్చిన తుపానులో రెండు గంటలపాటు మ్యూయాన్లు కొద్దిగా పెరగడాన్ని వాళ్లు పట్టుకున్నారు. ఆ రెండు గంటలూ భూమి అయస్కాంత అడ్డు బలహీనపడిందని దాన్నిబట్టి తెలిసింది. అంత పెద్ద పరికరం చేసే పనిని అరచేతి మీటరు చేస్తుందని అట్టపెట్టె మీద రాయడం తప్పు. నాలుగు నక్షత్రాలు ఇద్దామనుకున్న రేటింగును మూడున్నరకు తగ్గించింది ఈ ఒక్క మాటే.

మన నగరానికి ఈ శాస్త్రంతో పాత బంధుత్వం ఉందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1940లలో హోమీ భాభా ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో కాస్మిక్ కిరణాల విభాగం నడిపాడు. కౌంటర్లను విమానాల్లో పైకి పంపి లెక్కలు తీయించాడు. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడి కొలతలకు విలువ ఉండేది. తర్వాత కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్ల లోతుకు పైగా పరికరాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల, అంటే దేన్నైనా దాదాపు తాకకుండా దాటిపోయే కణాల, జాడ కనుక్కున్నారు. బెంగళూరు పిల్లలకు ఈ కథ చెప్పడానికి ఈ మీటరు కంటే మంచి సాధనం నాకు తెలియదు.

వ్యోమగాముల సంగతికొస్తే, మీటరు అంకెల పక్కన వాళ్ల అంకెలు పెడితే గానీ తేడా అర్థం కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అక్కడ గాలి దాదాపు లేదు, అయస్కాంత రక్షణ మాత్రం కొంత ఉంది. రోజుకు సుమారు అర మిల్లీసీవర్ట్ పైన తగులుతుంది. శుభాంశు శుక్లా 2025లో అక్కడ 18 రోజులున్నాడు. ఆ లెక్కన దాదాపు 10 మిల్లీసీవర్టులు, నా పనిలో చెప్పాలంటే ఒక పొట్ట సీటీ స్కాన్‌తో సమానం. మా అమ్మాయికి ఏడాదికి వచ్చేది ఆయనకు నాలుగైదు రోజుల్లో వచ్చింది. దక్షిణ అట్లాంటిక్ మీద భూమి చుట్టూ ఉండే రేడియేషన్ పట్టీ కిందికి దిగి ఉంటుంది. కేంద్రం ఆ చోటు దాటిన కొద్ది నిమిషాల్లో రోజు డోసులో పెద్ద వాటా పడుతుంది.

అక్కడి నుంచి ఇంకా దూరం వెళ్తే అయస్కాంత రక్షణ కూడా ఉండదు. క్యూరియాసిటీ రోవర్ 2011, 2012లలో అంగారకుడికి వెళ్తూ దారిలో కొలిచింది రోజుకు 1.8 మిల్లీసీవర్టులు. రానూపోనూ ప్రయాణానికే 660 అవుతుంది. నాసా తన వ్యోమగామికి జీవితకాలమంతటికీ పెట్టిన పరిమితి 600. అంటే అంగారకుడి మీద గడిపే రోజులు కలపకముందే, ప్రయాణంతోనే కోటా దాటిపోయినట్టే. అందుకే సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో వెళ్లడమే మేలనే వాదన ఉంది. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ముసురు తక్కువ ఉంటుంది. కుంభవృష్టి పడితే దాక్కోవచ్చు, ఎందుకంటే సౌర ప్రోటాన్ల శక్తి తక్కువ. నీళ్ల సంచులు, పాలిథీన్ పలకలు, సామాన్లు చుట్టూ పేర్చుకున్న చిన్న గదిలో కొన్ని గంటలు గడిపితే చాలావరకు ఆగిపోతాయి. పాలపుంత కణాలు మాత్రం ఆ గోడల్లోంచి దూసుకుపోతాయి, వాటికి దాక్కునే చోటు లేదు. మా విభాగంలో సీసం వాడతాం కాబట్టి నాకు మొదట వింతగా అనిపించిన విషయం, అంతరిక్షంలో సీసం మంచి ఎంపిక కాదు. వేగంగా వచ్చే కణాలు బరువైన లోహాన్ని ఢీకొంటే కొత్త కణాలు పుట్టుకొస్తాయి. హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, ప్లాస్టిక్ నయం.

దాక్కునే చోటు దొరక్కపోతే ఏమవుతుందో 1972 చెబుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అపోలో 16 చంద్రుడి నుంచి తిరిగొచ్చింది, డిసెంబర్‌లో అపోలో 17 వెళ్లింది. నడుమ ఆగస్టులో సూర్యుడు భయంకరంగా విరుచుకుపడ్డాడు. అదే సమయంలో ఎవరైనా చంద్రుడి మీద స్పేస్‌సూట్‌లో నడుస్తూ ఉంటే తీవ్రమైన జబ్బు పడేవాళ్లు. 2022లో నాసా చంద్రుడి చుట్టూ తిప్పి తెచ్చిన ఆర్టెమిస్ 1 నౌకలో మనుషులకు బదులు హెల్గా, జోహార్ అనే రెండు ఆడ మొండెం బొమ్మలను పంపారు. జోహార్‌కు రక్షణ జాకెట్ తొడిగారు, హెల్గాకు లేదు. స్కానర్ సరిచూడడానికి మనిషి శరీరానికి బదులు మేము వాడే ఫాంటమ్ అనే బొమ్మల జాతికే చెందినవి అవి. ఆ వార్త చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

సౌర తుపాను హెచ్చరికే కావాలంటే ఏడు వేలు పెట్టనక్కర్లేదు. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం ఉచితంగా మూడు స్కేళ్లు ఇస్తుంది: రేడియో అంతరాయాలకు ఆర్, కణాల తుపానుకు ఎస్, అయస్కాంత తుపానుకు జీ, ఒక్కొక్కటీ 1 నుంచి 5 వరకు. విమాన సిబ్బంది చూడాల్సింది ఎస్. వార్తల్లో ఎక్కువగా వినిపించే జీ కాదు. విస్ఫోటనం వెలుగు మనకు ఎనిమిది నిమిషాల్లో చేరుతుంది, ప్రోటాన్లు అరగంట నుంచి కొన్ని గంటల్లో, సౌర పదార్థపు మేఘం ఒకటి నుంచి మూడు రోజుల్లో. ఇప్పుడు మనకూ ఒక కాపలా ఉంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ణి గమనిస్తోంది. దాని ప్రధాన పరికరం వీఈఎల్‌సీని తయారుచేసింది మన కోరమంగళలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్.

మా అమ్మాయి రేపు అమెరికా రూట్లకు మారితే మాత్రం ఎస్ స్కేలు నిజంగా పట్టించుకోవాలి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటిసారి నేరుగా నడిపిన విమానం, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే ఉన్నది, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. ఆ దారిలో మామూలు రోజుల్లోనే గంటకు డోసు మన దేశపు రూట్ల కంటే రెండు మూడు రెట్లు. పెద్ద కణాల తుపాను వచ్చినప్పుడు ధ్రువాల దారిని తప్పించి విమానాలను ధ్రువాలకు దూరంగా ఉండే దారులకు మళ్లిస్తారు.

మీటరులో లోపాలు కూడా చెప్పాలి. డేటాను కంప్యూటర్‌లోకి తీసే సాఫ్ట్‌వేర్ చాలా పాత పద్ధతిది, తేదీలు తారుమారవుతాయి. నేను సమయం విడిగా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. బటన్లు గట్టిగా నొక్కితే గానీ పలకవు. ఛార్జి మాత్రం రెండు రోజులు హాయిగా నిలుస్తుంది. ముఖ్యమైన హెచ్చరిక: ఆసుపత్రుల్లో ఎక్స్‌రే గది బయట పెట్టి లీకేజీ చూద్దామని దయచేసి ప్రయత్నించకండి. ఎక్స్‌రే క్షణంలో వంతు సేపు పడే ముద్ద. ఈ ట్యూబు ఒక తగులు లెక్కపెట్టి తేరుకునేలోపు మిగతావన్నీ దాటిపోతాయి. ఎక్కువ ఉన్నచోట తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆ పనికి అయాన్ ఛాంబర్ సర్వే మీటర్లు వేరే ఉంటాయి.

స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లు, తరచూ విమానాల్లో తిరిగే ఆసక్తిపరులు నిశ్చింతగా కొనండి. ఇంట్లో భయం తీర్చుకోవడానికైతే వద్దు, ఊగే అంకెలు భయాన్ని పెంచుతాయి. కొనేటప్పుడు షాపులోనే పది నిమిషాలు ఆన్ చేసి ఉంచండి. సగటు 15కూ 40కీ మధ్య ఉంటే ట్యూబు బాగున్నట్టు. సున్నా దగ్గరే ఉండిపోతే రవాణాలో లోపలి గాజు పగిలినట్టు, తీసుకోకండి. ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష చేయొచ్చు. బీపీ ఉన్నవాళ్లు వాడే తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ మీద ట్యూబు వైపు ఆనించి పావుగంట చూడండి. అందులోని పొటాషియం వల్ల సగటు పెరిగితే మీటరు పనిచేస్తున్నట్టే. పెరగకపోతే బిల్లు పట్టుకుని వారంలోపే షాపుకి వెళ్లండి, ఆ తర్వాత మార్చి ఇవ్వరు.